స్వింగ్ చెడితే కోచ్‌తో కలిసి బాగుచేసుకోవడం ఎలా: బరంపురం, జయపురం వైపు గోల్ఫర్లకి

మొన్నటిదాకా నిటారుగా వెళ్లిన బంతి ఉన్నట్టుండి కుడికి వంగడం మొదలైతే చాలామంది ఆటగాళ్లు ఆ రోజే మూడు పనులు చేస్తారు. ఇంకో వంద బంతులు కొడతారు. రాత్రి కూర్చుని యూట్యూబ్‌లో పది వీడియోలు చూస్తారు. పొద్దున్నే కోచ్‌కి ఫోన్ చేసి "సార్, స్వింగ్ పోయింది" అంటారు. మొదటి రెండూ తప్పుని ఇంకా ముదరబెడతాయి. మూడోదాంట్లో కోచ్‌కి పనికొచ్చే సమాచారం ఒక్క ముక్కా ఉండదు.

దక్షిణ ఒడిశాలో బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్, పర్లాకిమిడి, రాయగడ, జయపురం, కోరాపుట్ వైపు ఉంటూ టోర్నమెంట్లు ఆడుతున్నవాళ్లని, ప్రో కావాలని తయారవుతున్నవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. మన వైపు అసలు చిక్కు దూరం. చాలామందికి పద్దెనిమిది హోల్స్ కోర్సు అంటే విశాఖలో ముడసర్లోవ దగ్గరున్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బే. బరంపురం నుంచి రైల్లో నాలుగైదు గంటలు. కోచ్ అక్కడో, కలకత్తాలోనో, బెంగళూరులోనో ఉంటారు. నెలకి ఒకసారో రెండుసార్లో చూస్తారు. మిగతా రోజులన్నీ మీరు, ఒక నెట్టు, ఒక ఫోను. అందుకని కోచ్ ఎదురుగా లేని రోజుల్లో పని ఎలా నడవాలన్నది ముందే తేల్చుకోవాలి. కారణం ఒకటి, మార్పు ఒకటి, కొలత ఒకటి. ఈ మూడింటి మీద ఇద్దరికీ ఒప్పందం కుదరకుండా మొదలుపెట్టిన రిపేరు చాలావరకు సగంలోనే ఆగిపోతుంది.

కింద చెప్పేదంతా కుడిచేతి ఆటగాళ్ల లెక్క. ఎడమచేతివాళ్లు కుడి ఎడమలు మార్చుకుని చదువుకోండి.

ముందు బంతిని చూడండి

స్వింగ్ ఎలా కనబడుతోందో తర్వాత సంగతి. బంతి మూడు విషయాలు చెబుతుంది: ఎటు బయల్దేరింది, ఎటు వంగింది, క్లబ్ ఫేస్ (బంతిని తాకే ముఖం) మీద ఎక్కడ తగిలింది. ఈ మూడూ రాసుకోకుండా కోచ్‌కి ఫోన్ చేయకండి.

ఇరవై బంతుల పరీక్ష పెట్టుకోండి. 7 ఐరన్‌తో (మధ్యరకం దూరానికి వాడే క్లబ్) పది, డ్రైవర్‌తో (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) పది. కోర్సుకో పెద్ద మైదానానికో వెళ్లినప్పుడే చేయాలి, నెట్టులో బంతి వంపు కనబడదు. గోపాల్‌పూర్, ఛత్రపురం లాంటి తీరంలో వేసవి మధ్యాహ్నాలు సముద్రపు గాలి బలంగా ఉంటుంది. ఆ గాలికి వంగిన బంతిని చూసి స్వింగ్‌ని అనుమానించడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. పొద్దున్న ఎనిమిది లోపల, గాలి లేవకముందే కొట్టండి. నేల మీద టార్గెట్ వైపు ఒక కర్ర పెట్టండి. ఆ గీతతో పోల్చి బంతి ఎటు బయల్దేరిందో వెనక నిలబడిన మనిషి చెప్పాలి. కొట్టినవాడి కన్ను ఈ విషయంలో నమ్మదగ్గది కాదు, తల అప్పటికే తిరిగి ఉంటుంది.

ఫేస్ మీద టాల్కం పౌడర్ పలచగా పూయండి. ప్రతి షాట్ తర్వాత గుర్తు చూసి, తుడిచి, మళ్లీ పూయాలి. డ్రైవర్ విషయంలో ఇది మరీ ముఖ్యం. హీల్ (ఫేస్‌లో షాఫ్ట్ వైపు చివర) వైపు తగిలిన బంతి కుడికి వంగుతుంది, టో (అవతలి చివర) వైపు తగిలింది ఎడమకి వంగుతుంది. స్వింగ్ దారి బాగానే ఉన్నా ఇలా జరుగుతుంది. హీల్ దెబ్బల వల్ల వస్తున్న స్లైస్‌కి (బంతి బాగా కుడికి వంగడానికి) గ్రిప్ మార్చుకుని, ఉన్న స్వింగ్‌ని పాడుచేసుకున్నవాళ్లు బోలెడుమంది. అలాంటివాళ్లకి కావలసింది బంతికి ఎంత దూరంలో నిలబడాలో సరిచూసుకోవడం, అంతే.

ఇక లెక్క. బంతి బయల్దేరే దిక్కుని ఎక్కువగా నిర్ణయించేది క్లబ్ ఫేస్. ఐరన్లతో సుమారు 75 శాతం, డ్రైవర్‌తో సుమారు 85 శాతం. వంపుని నిర్ణయించేది ఫేస్‌కీ స్వింగ్ పాత్‌కీ (బంతి దగ్గర క్లబ్ తల వెళ్లే దారి) మధ్య తేడా. బంతి పాత్ వైపు బయల్దేరి ఫేస్ వైపు వంగుతుందని పాత రోజుల్లో నేర్పేవారు. లాంచ్ మానిటర్లు (బంతి, క్లబ్ కదలికల్ని కొలిచే యంత్రాలు) వచ్చాక అది తిరగబడింది. పాత పాఠంతో నేర్చుకున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి మీ కోచ్ ఏ లెక్కతో మాట్లాడుతున్నారో మొదటి రోజే తెలుసుకోండి.

ఎడమకి బయల్దేరి కుడికి వంగితే: పాత్ బయటినుంచి లోపలికి (బంతి అవతలి వైపునుంచి మీ వైపుకి) వస్తోంది, ఫేస్ ఆ పాత్ కంటే తెరిచి (కుడికి తిరిగి) ఉంది. ఎడమకి బయల్దేరి నిటారుగా పోతే: పాత్, ఫేస్ రెండూ ఎడమకే చూస్తున్నాయి. కుడికి బయల్దేరి ఇంకా కుడికి వంగితే: ఫేస్ బాగా తెరిచి ఉంది, పాత్ ఎటున్నా ముందు ఫేస్ సంగతే చూడాలి. కుడికి బయల్దేరి ఎడమకి కొట్టుకుపోతే: పాత్ లోపలినుంచి మరీ బయటికి వెళ్తోంది, ఫేస్ ఆ పాత్‌కి మూసుకుని (ఎడమకి తిరిగి) ఉంది. ఇరవైలో పన్నెండు పైన ఒకే తీరు వస్తే అది మీ తప్పు. రెండు వైపులా చెల్లాచెదురుగా పోతే అది ఒకే తప్పు కాకపోవచ్చు. అప్పుడు గ్రిప్, నిలబడే తీరు, తగిలే చోటు ముందు చూడాలి.

కోచ్ దాకా వెళ్లకుండా తేలిపోయేవి

స్వింగ్ పోయిందనుకున్న కేసుల్లో చాలా వాటికి మూలం బంతి కదలకముందే ఉంటుంది. ఎడమచేతి గ్రిప్ పై నుంచి చూస్తే రెండు, రెండున్నర కణుపులు కనబడాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పడే గీత కుడి భుజం వైపు చూడాలి. డ్రైవర్‌కి బంతి ఎడమ మడమకి ఎదురుగా, 7 ఐరన్‌కి మధ్య కంటే కాస్త ముందుకి, వెడ్జ్‌కి (దగ్గరి షాట్లకి వాడే క్లబ్) మధ్యలో. కాలివేళ్ల దగ్గర ఒక కర్ర, బంతి అవతల ఒక కర్ర సమాంతరంగా పెట్టి భుజాలు ఎటు చూస్తున్నాయో చూసుకోండి. పాదాలు సరిగ్గా పెట్టి భుజాలు ఎడమకి తెరిచే అలవాటు అందరికంటే ఎక్కువగా స్లైసర్లకే ఉంటుంది. బంతి కుడికి పోతుందన్న భయం శరీరాన్ని ఎడమకి తిప్పుతుంది, దాంతో బంతి ఇంకా కుడికి పోతుంది.

2022లో, 2024లో మాస్టర్స్ టోర్నమెంట్ గెలిచిన స్కాటీ షెఫ్లర్ ఇప్పటికీ ప్రాక్టీస్‌లో వేళ్ల అచ్చులున్న గ్రిప్ పట్టుకుని చేతులు సరిచూసుకుంటాడు. ఈ పని ఎవరికీ చిన్నది కాదు.

రబ్బరు గ్రిప్పులు అరిగాయేమో చూడండి. మన తీరపు ఉక్కకి చెయ్యి చెమటపట్టి, గ్రిప్ జారి, తెలియకుండానే గట్టిగా పట్టుకుంటారు. ముంజేతులు బిగుసుకుంటే ఫేస్ సమయానికి మూసుకోదు. రెండు గ్లవ్స్ మార్చి మార్చి వాడాలి, ఒకటి ఆరుతుండగా ఇంకొకటి. ఎడమ మణికట్టు, కుడి మోచేయి లోపలివైపు, నడుము దిగువ, ఈ మూడింట్లో నొప్పి ఉంటే స్వింగ్ జోలికి వెళ్లొద్దు. ముందు ఎముకల డాక్టర్‌కి చూపించుకోవాలి. నొప్పిని తప్పించుకోవడానికి శరీరం వేసుకున్న దారిని కోచ్ తప్పు అనుకుని సరిచేస్తే నొప్పి ముదురుతుంది.

చిప్పింగ్‌లోనో (గ్రీన్ దగ్గర చిన్న షాట్లు) పుట్టింగ్‌లోనో (గ్రీన్ మీద బంతిని హోల్‌లోకి దొర్లించడం) చెయ్యి ఉలిక్కిపడుతుంటే అది వేరే జబ్బు. ఫుల్ స్వింగ్ మందు దానికి పనిచేయదు.

వీడియో తీయడం

రెండు కోణాలు చాలు. మొదటిది వెనకనుంచి: ఫోను బంతికి మూడు మీటర్ల వెనక, చేతుల ఎత్తులో, కాలివేళ్ల గీత మీదనో చేతుల గీత మీదనో ఉండాలి. ఆ రెండింట్లో ఏదన్నది కోచ్‌తో ఒకసారి నిర్ణయించుకుని ఇక మార్చకూడదు. ఫోను ఒక అడుగు పక్కకి జరిగితే బయటినుంచి వస్తున్న స్వింగ్ లోపలినుంచి వస్తున్నట్టు కనబడుతుంది, కోచ్ లేని జబ్బుకి మందు రాస్తారు. రెండోది ఎదురుగా: ఛాతీ ఎత్తులో, సరిగ్గా తొంభై డిగ్రీల కోణంలో. రెంటికీ స్టాండు ఉండాలి. తమ్ముడో స్నేహితుడో చేత్తో పట్టుకుని తీస్తే ప్రతిసారీ కోణం మారుతుంది. నేల మీద సున్నంతో ఒక గుర్తు పెట్టి స్టాండు ఎప్పుడూ అక్కడే పెట్టండి.

స్లో మోషన్ సెకనుకి 240 ఫ్రేములు. వెలుతురు బాగుండాలి, మసక వెలుగులో క్లబ్ తల కనబడకుండా పోతుంది. ఫోను వీడియోలో షాఫ్ట్ వంగినట్టు కనబడితే కంగారు పడొద్దు, అది కెమెరా ఫ్రేముని పై నుంచి కిందికి చదివే తీరు వల్ల వచ్చే భ్రమ. పంపేటప్పుడు వాట్సాప్‌లో వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే ఫ్రేములు నలిగిపోతాయి. మంచి షాట్లే ఏరి పంపే అలవాటు చాలామందికి ఉంది. కోచ్ ముందు పరువు కాపాడుకోవాలన్న ఆలోచన సహజమే, కానీ దానివల్ల నష్టపోయేది మీరే. ఒక మంచిది, ఒక మామూలుది, ఒక చెత్తది పంపండి. ఒక్కోదాని కింద బంతి ఎటు పోయిందో రాయండి.

కోచ్‌తో మొదటి మాట

ఎవర్ని ఎంచుకోవాలన్న దగ్గర ఒక మాట. ఇండియన్ గోల్ఫ్ యూనియన్ కింద నడిచే నేషనల్ గోల్ఫ్ అకాడమీ ఆఫ్ ఇండియా కోచ్‌లకి శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇస్తుంది. అది ఉందో లేదో అడగడంలో తప్పు లేదు. అంతకంటే ముఖ్యంగా చూడాల్సింది ఇంకొకటుంది. మీ స్వింగ్ చూసి వెంటనే అయిదు తప్పులు చెప్పేవారికంటే, బంతులు కొట్టించి, ప్రశ్నలడిగి, ఒక్కటి చెప్పేవారు నయం.

అమెరికా ఆటగాడు జిమ్ ఫ్యూరిక్ సంగతి తీసుకోండి. అతని బ్యాక్‌స్వింగ్ పైకి వెళ్లి గిరికీ కొట్టి వేరే దారిన దిగుతుంది. ఏ పుస్తకంలోనూ అలా ఉండదు. అతనికి నేర్పింది తండ్రి మైక్. ఇంపాక్ట్ (క్లబ్ బంతిని తాకే క్షణం) దగ్గర ఫేస్ సరిగ్గా వస్తోంది కాబట్టి ఆ గిరికీని ముట్టుకోలేదు. ఆ స్వింగ్‌తోనే 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు, 2016లో ట్రావెలర్స్ చాంపియన్‌షిప్‌లో ఒక రౌండ్‌ని 58 స్ట్రోకుల్లోనే ముగించాడు. షెఫ్లర్ పాదాలు జారుతూ డ్యాన్స్ చేస్తున్నట్టుంటాయి. చిన్నప్పట్నుంచి చూస్తున్న కోచ్ ర్యాండీ స్మిత్ వాటినీ అలాగే వదిలేశారు. అందంగా లేకపోవడం, తప్పుగా ఉండడం ఒకటి కాదని తెలిసిన కోచ్ మీకు కావాలి.

పూర్తిగా విప్పి కట్టుకోవడమూ ఒక్కోసారి తప్పదు. ఇంగ్లండ్ ఆటగాడు నిక్ ఫాల్డో 1980ల నడుమ కోచ్ డేవిడ్ లెడ్‌బెటర్ దగ్గర స్వింగ్‌ని మొత్తం మార్చుకున్నాడు. దాదాపు రెండేళ్లు ఫలితాలు పడిపోయాయి. 1987లో మ్యూర్‌ఫీల్డ్‌లో జరిగిన ఓపెన్ (బ్రిటిష్ ఓపెన్) చివరి రౌండ్‌లో పద్దెనిమిది హోల్స్‌కీ పద్దెనిమిది పార్‌లు (ఒక్కో హోల్‌కి నిర్ణయించిన స్ట్రోకుల లెక్క) కొట్టి గెలిచాడు. టైగర్ వుడ్స్ 1997 మాస్టర్స్ 12 స్ట్రోకుల తేడాతో గెలిచాక కోచ్ బుచ్ హార్మన్‌తో స్వింగ్ మార్చడం మొదలుపెట్టాడు. 1998లో పీజీఏ టూర్‌లో ఒక్కటే గెలిచాడు. 1999లో ఎనిమిది, 2000లో తొమ్మిది. ఇద్దరి విషయంలోనూ పక్కాగా ఉన్నది ఒకటే: ఏ షాట్ కోసం ఈ మార్పు అన్నది ఆటగాడికీ కోచ్‌కీ ముందే తెలుసు, ఫలితం లేని నెలల్లోనూ ఇద్దరూ ఆ మాట మీదే ఉన్నారు.

దీనికి ఎదురు ఉదాహరణ ఆస్ట్రేలియా ఆటగాడు ఇయాన్ బేకర్ ఫించ్. 1991లో ఓపెన్ గెలిచిన మనిషి. ఇంకాస్త దూరం, ఇంకాస్త కచ్చితత్వం అంటూ స్వింగ్ మార్చుకుంటూ పోయి, 1997లో ట్రూన్‌లో జరిగిన ఓపెన్ మొదటి రౌండ్‌కే 92 స్ట్రోకులు తీసుకుని తప్పుకున్నాడు. ప్రాక్టీస్ రేంజ్‌లో బాగా కొట్టేవాడే. మార్పు మీద మార్పు వేసుకుంటే పోటీలో చెయ్యి దేన్ని నమ్మాలో తెలియక ఆగిపోతుంది.

మొదటి మీటింగ్‌లోనే ఒక కాగితం మీద ఇవి రాసుకోండి. ఫోన్‌లో చెప్పుకున్నా సరే, తర్వాత టైప్ చేసి పంపి "ఇదేనాండి సార్?" అని ఒప్పించుకోండి.

1. ఏ షాట్ పోవాలి, ఏ షాట్ రావాలి. "స్వింగ్ బాగుపడాలి" అని రాయకూడదు. "డ్రైవర్‌తో ఎడమకి బయల్దేరి కుడికి పోయే బంతి పోవాలి" అని రాయాలి.
2. కోచ్ చెప్పిన కారణం, ఒకే ఒక్కటి.
3. ఆ కారణానికి చేసే మార్పు, దానికి రెండు డ్రిల్లులు. మూడోది వద్దు.
4. ఏది కొలిస్తే మార్పు వచ్చినట్టు. వీడియోలో ఫలానా చోట క్లబ్ ఫలానా స్థితి, లేదా పదిలో ఏడు బంతులు ఫలానా దిక్కున.
5. ఎన్ని వారాలు. ఆలోపు ఏ టోర్నమెంట్లు ఆడాలి, ఏవి వదలాలి.
6. వీడియో ఎప్పుడు పంపాలి, జవాబు ఎన్ని రోజుల్లో వస్తుంది, ఫీజు నెలకా, పాఠానికా, గెలిచినదాంట్లో వాటానా.

ఆరోది అడగడానికి మొహమాటపడతారు. పెద్దాయనతో డబ్బు మాటేంటని ఊరుకుంటే అయిదారు నెలలయ్యాక ఆ మొహమాటమే మనస్పర్థ అవుతుంది. మొదటి రోజే అడిగితే ఎవరూ తప్పుగా తీసుకోరు.

ఏది ముందు, ఏది తర్వాత

ఇది కాస్త నిదానంగా చదవండి. ఎక్కువ రిపేర్లు ఇక్కడే దెబ్బతింటాయి.

స్లైసర్ పాత్ బయటినుంచి లోపలికి వస్తుందని అందరికీ తెలుసు. అలా ఎందుకొస్తుంది? చాలామందిలో గ్రిప్ బలహీనంగా ఉండి (చేతులు క్లబ్ మీద ఎడమకి తిరిగి ఉండడం, వదులుగా పట్టుకోవడం కాదు) ఫేస్ తెరిచి వస్తుంది. తెరిచిన ఫేస్‌తో బంతి కుడికి పోతుంటే, దాన్ని ఆపడానికి శరీరం క్లబ్‌ని ఎడమకి లాగడం నేర్చుకుంటుంది. అంటే పాత్ జబ్బు కాదు, ఫేస్ జబ్బుకి శరీరం వెతుక్కున్న మందు. ఇలాంటివాళ్లకి పాత్ ముందు సరిచేస్తే బంతి ఇంకా కుడికి, చెట్లలోకి పోతుంది. రెండ్రోజులకే శరీరం పాత దారికి తిరిగిపోతుంది. ముందు గ్రిప్ బలపరిచి (చేతుల్ని కుడికి తిప్పి పట్టుకుని) ఫేస్ మూయాలి. బంతి ఎడమకి పోవడం మొదలవుతుంది, అది మంచి గుర్తే. అప్పుడు పాత్ మార్చుకోవడానికి శరీరానికి కారణం దొరుకుతుంది.

హుక్ (బంతి బాగా ఎడమకి వంగడం) కొట్టేవాళ్లకి ఇదే తిరగేసి. ఫేస్ మూసుకుని వస్తుంటే, బంతి ఎడమకి పోకుండా క్లబ్‌ని కుడికి విసురుతారు. నడుం బంతి వైపు ముందుకొచ్చి మనిషి లేచి నిలబడతాడు, చేతులు ఇరుక్కుపోతాయి. అతన్ని "నడుం వెనక్కి ఉంచు" అని ఎంత బెదిరించినా లాభం లేదు. ఫేస్ తెరుచుకునేదాకా నడుం ముందుకొస్తూనే ఉంటుంది.

కోచ్ పాత్‌తో మొదలుపెట్టమంటే ఎదురు చెప్పక్కర్లేదు. "సార్, ఇప్పుడు ఫేస్ ఎలా ఉందండి? అది అలాగే ఉంచి పాత్ మారిస్తే బంతి ఎటు పోతుంది?" అని అడగండి. మంచి కోచ్ ఈ ప్రశ్నకి సంతోషిస్తారు.

ఇంటి దగ్గర ఏర్పాటు

క్రికెట్ నెట్టు చాలదు. గోల్ఫ్ బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లు. క్రికెట్ నెట్టు కన్నులు కాస్త సాగినా అందులోంచి దూరిపోతుంది. కన్ను 25 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. గోపాల్‌పూర్ వైపు చేపల వల తేలిగ్గా దొరుకుతుంది, చిన్న కన్ను నైలాన్ వల రెండు పొరలుగా వేస్తే ఐరన్లకి ఆగుతుంది. ఎండకి నైలాన్ పెళుసెక్కుతుంది కాబట్టి నెలనెలా వేలితో లాగి చూడండి. బిగించి కట్టొద్దు, బిగిస్తే బంతి మీ మీదకే తిరిగొస్తుంది. వదులుగా వేలాడదీసి, వెనక కనీసం మీటరు ఖాళీ వదలండి. మీరు నెట్టుకి మూడు మీటర్ల దూరంలో నిలబడండి. డాబా మీద పెడితే పైనా పక్కలా కూడా వల ఉండాలి. షాంక్ అయిన (క్లబ్ మెడకి తగిలి పక్కకి దూసుకుపోయే) బంతి పక్కింటి కిటికీ దాకా ఆగదు. మొదటి రెండు వారాలు ఫోమ్ బంతులతోనే కొడితే మేలు.

సిమెంటు మీద సన్నటి కార్పెట్ వేసి కొట్టొద్దు, మణికట్టు పోతుంది. మందపాటి కొబ్బరిపీచు పట్ట కింద రబ్బరు షీటు వేయండి. ఒక్క విషయం: ఏ మ్యాట్ అయినా ఫ్యాట్ షాట్‌ని (క్లబ్ బంతి కంటే ముందు నేలని తాకడం) దాచేస్తుంది. బంతికి రెండంగుళాల వెనక తగిలినా క్లబ్ జారుకుంటూ వచ్చి బంతిని బాగానే కొడుతుంది. మ్యాట్ మీద బాగుందనుకుని కోర్సుకెళ్లి గడ్డిని తవ్వుతారు. బంతికి 10 సెంటీమీటర్ల వెనక మడత పెట్టిన తువ్వాలు ఉంచండి. తువ్వాలు కదిలితే ఫ్యాట్.

నేల తగిలే చోటు నేర్చుకోవడానికి తడి ఇసుక లాంటిది ఇంకోటి లేదు. ఇసుకలో అడ్డంగా ఒక గీత గీసి, బంతి లేకుండా పది స్వింగులు చేయండి. ఐరన్‌తో గుంట గీత దగ్గర మొదలై ముందుకి పోవాలి. గీత వెనక మొదలైతే బరువు కుడికాలి మీదే ఉండిపోయిందన్నమాట. పొడి ఇసుకలో చేయొద్దు, గుంట పూడిపోయి ఏమీ తెలియదు. రుషికుల్య ముఖద్వారం దగ్గర ఒడ్డు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఆ ఒడ్డు జోలికే పోవద్దు. ఇసుకలో వాడిన క్లబ్‌ని వెంటనే మంచినీళ్లతో కడిగి తుడవాలి, ఉప్పుకి వెడ్జ్‌లు తుప్పు పడతాయి.

డ్రిల్లు ఎలా చేయాలి

బయటినుంచి లోపలికి వచ్చేవాళ్లకి: బంతికి 30 సెంటీమీటర్ల వెనక, టార్గెట్ గీతకి 10 సెంటీమీటర్లు అవతల హెడ్‌కవర్ (క్లబ్ తలకి తొడిగే తొడుగు) పెట్టండి. డౌన్‌స్వింగ్‌లో దాన్ని తాకకుండా బంతిని కొట్టాలి. మరీ లోపలినుంచి బయటికి పోయేవాళ్లకి: అదే హెడ్‌కవర్‌ని బంతికి 30 సెంటీమీటర్ల ముందు, 10 సెంటీమీటర్లు అవతల పెట్టండి. నడుం ముందుకొచ్చేవాళ్లు వెనక ఒక కుర్చీ పెట్టుకుని, పిరుదులు దాన్ని ఇంపాక్ట్ దాకా వదలకుండా స్వింగ్ చేయాలి.

వేగం మెట్లు మెట్లుగా పెంచాలి. బంతి లేకుండా అయిదు నిదానం స్వింగులు, తర్వాత ఒక బంతి సగం వేగంతో. తొమ్మిది గంటల నుంచి మూడు గంటల దాకా, అంటే చేతులు నడుం ఎత్తు నుంచి నడుం ఎత్తు దాకా. పదిలో ఏడు సరిగ్గా వచ్చాక ముప్పాతిక వేగం. మళ్లీ పదిలో ఏడు వచ్చాకే పూర్తి వేగం. పై మెట్టు మీద మార్పు మాయమైతే సిగ్గుపడకుండా కింది మెట్టుకి దిగిపోండి. రోజుకి 60 నుంచి 80 బంతులు చాలు, వారానికి నాలుగైదు రోజులు. అలసిపోయాక కొట్టే ప్రతి బంతీ పాత అలవాటుకి నీళ్లు పోస్తుంది.

మీకు అనిపించేది, నిజంగా జరిగేది ఒకటి కాదు. పాత్ రెండు డిగ్రీలు మారినప్పుడు మీకు ఇరవై డిగ్రీలు మారినట్టు, బంతి కుడిపక్క చెట్టు మీదకి పోతున్నట్టు ఉంటుంది. అతిగా చేస్తున్నాననిపించేదాకా చేయకపోతే వీడియోలో ఏమీ మారదు. ఆ అనుభూతికి మీ సొంత భాషలో చిన్న మాట పెట్టుకోండి: "వీపు ఇంకా అటే", "చెయ్యి కిందికి", ఇలా. కోచ్‌కీ అదే మాట చెప్పండి. పోటీలో తలలో ఒక్క మాటకే చోటుంటుంది.

మూడో వారం నుంచి ఒకే క్లబ్‌తో వరసగా కొట్టడం తగ్గించండి. డ్రైవర్, 8 ఐరన్, వెడ్జ్, ప్రతి బంతికీ క్లబ్, టార్గెట్ మార్చండి. ప్రాక్టీస్ చూడ్డానికి అధ్వాన్నంగా ఉంటుంది, కానీ కోర్సులో నిలబడేది ఇలా నేర్చుకున్నదే.

మధ్యలో దిగజారినప్పుడు

గ్రిప్ మార్పుకి రెండు మూడు వారాలు చేతికి కొత్తగా ఉంటుంది. పాత్ మార్పుకి రెండు మూడు నెలలు పెట్టుకోండి. నడుమ ఒక దశ వస్తుంది: పాత స్వింగ్ పోయింది, కొత్తది రాలేదు, బంతి రెండు వైపులా పోతోంది. ఇంట్లోవాళ్లు, క్లబ్బులో పెద్దవాళ్లు సలహాలు మొదలుపెట్టేది ఇప్పుడే. వాళ్లకి మర్యాదగా "మా మాస్టారు చెప్పింది పూర్తి చేసుకోనీండి" అనండి. యూట్యూబ్ ఆపేయండి. ఈ దశలో స్కోరు చూడకండి, కాగితం మీద నాలుగో నంబరులో రాసుకున్న కొలత చూడండి. అది ముందుకెళ్తుంటే అంతా బాగున్నట్టే. నాలుగు వారాలు గడిచినా అది కదలకపోతే కారణం తప్పుగా పట్టుకున్నారేమో కోచ్‌ని అడగాలి.

మన వైపు జూన్ మధ్య నుంచి సెప్టెంబరు దాకా వానలు. పెద్ద మార్పుకి ఆ నెలలే అనువు, నెట్టు కింద పని జరుగుతుంది. అక్టోబరు తుపానుల నెల. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఆ నెలలో కోర్సు ప్రయాణాలు ఖాయం చేసుకోకండి.

తప్పనిసరిగా ఆడాల్సిన టోర్నమెంటు మధ్యలో వస్తే, పదిరోజుల ముందు డ్రిల్లులు ఆపేయాలి. ఆ వారం మీ దగ్గరున్న వంపుతోనే ఆడండి. బంతి పదిహేను గజాలు కుడికి వంగుతుంటే ఎడమకి గురిపెట్టండి. పోటీ నడుస్తుండగా స్వింగ్ బాగుచేయమని కోచ్‌ని అడగొద్దు. ఆయన ఏదైనా చెబితే అది నిలబడే తీరు గురించో, టెంపో (స్వింగ్ లయ) గురించో అయుండాలి. బ్యాక్‌స్వింగ్‌కి మూడు పాళ్లు, డౌన్‌స్వింగ్‌కి ఒక పాలు సమయం. అంతకు మించి వద్దు.

దూరం నుంచి కోచ్‌తో నడవడం

వారానికి ఒక్క రిపోర్టు పంపండి, రోజూ పది మెసేజ్‌లు వద్దు. ఇలా ఉంటే చాలు:

"నమస్కారం సార్. ఈ వారం నాలుగు రోజులు, 260 బంతులు. సగం వేగంలో పదికి ఎనిమిది, ముప్పాతికలో పదికి అయిదు. డ్రైవర్ ఫేస్ మీద గుర్తులు హీల్ వైపే ఉన్నాయండి. శుక్రవారం డ్రిల్లు చేయలేదు. మూడు వీడియోలు పంపాను. ప్రశ్న ఒకటే: ముప్పాతిక వేగంలోనే ఉండనా, కిందికి దిగనా?"

చేయని రోజు చేయలేదని రాయడం ఇందులో అన్నిటికంటే విలువైన ముక్క. డ్రిల్లు చేశాడనుకుని కోచ్ తర్వాతి మందు మారుస్తారు. చేయని డ్రిల్లు పనిచేయలేదని మార్చిన మందు మీ స్వింగ్‌ని ఇంకో దారి పట్టిస్తుంది. మన అలవాటు ప్రకారం గురువు ముందు "అలాగేనండి" అనేసి, అర్థం కాకపోయినా తలూపుతాం. అర్థం కానప్పుడు కోచ్ చెప్పినదాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పండి: "అంటే పైకెళ్లినప్పుడు ఎడమ మణికట్టు చదునుగా ఉండాలంటారా సార్?" గౌరవానికేమీ లోటు రాదు, పొరపాటు అక్కడికక్కడే దొరికిపోతుంది.

రెండో అభిప్రాయం తీసుకోవచ్చు, దొంగచాటుగా కాదు. "ఫలానావారికి ఒకసారి చూపిద్దామనుకుంటున్నానండి, మీరూ ఉంటే బాగుంటుంది" అని చెప్పి చూపించండి. పిల్లల విషయంలో తల్లిదండ్రులు కోచ్‌కి వేరుగా ఫోన్ చేసి ఇంకో లక్ష్యం చెప్పడం పెద్ద ముప్పు. కోచ్ పిల్లవాడికి ఒకటి, నాన్నగారికి ఒకటి చెప్పాల్సి వస్తుంది. ముగ్గురూ ఉన్న ఒకే గ్రూపులో మాట్లాడుకోండి.

ఏళ్ల తరబడి ఒకే కంటి కింద ఉండడంలో లాభం ఉంది. జాక్ నిక్లాస్ పదేళ్ల వయసులో కోచ్ జాక్ గ్రౌట్ దగ్గర చేరాడు. ప్రపంచ విజేత అయ్యాక కూడా ఏటా సీజన్ మొదట్లో ఆయన దగ్గరికే వెళ్లి గ్రిప్ దగ్గర్నుంచి మొదలుపెట్టేవాడు. మన దేశపు ఆటగాడు అనిర్బన్ లాహిరి, అతని కోచ్ విజయ్ దివేచాలది కూడా అలా ఏళ్లు నడిచిన జంటే. మీ స్వింగ్ బాగున్న రోజుల్లో ఎలా ఉండేదో చూసిన మనిషికే అది ఎక్కడ పక్కకి జరిగిందో త్వరగా కనబడుతుంది.

అయినా విడిపోవాల్సిన సందర్భాలుంటాయి. నెలనెలా కారణం మారుతుంటే, నొప్పి ఉందన్నా అదే డ్రిల్లు చేయమంటుంటే, అందరు శిష్యుల స్వింగులూ ఒకే అచ్చులో పోస్తుంటే, వీడియోలకి వారాల తరబడి జవాబు లేకపోతే. ఒక్క చెడ్డ టోర్నమెంటు మాత్రం కారణం కాదు. ఒప్పుకున్న గడువు అయ్యేదాకా ఆగి, బాకీ ఉంటే కట్టేసి, ఎదురుగానో ఫోన్‌లోనో మీరే చెప్పండి. మెసేజ్ పెట్టి మాయమవ్వద్దు. కొత్త కోచ్ దగ్గరికి వెళ్లేటప్పుడు పాత ఒప్పందం కాగితం, బాగా ఆడిన రోజుల వీడియోలు, ఇరవై బంతుల పరీక్ష ఫలితాలు తీసుకెళ్లండి. మొదటి రెండు వారాలు ఏమీ మార్చకుండా ఆ పరీక్షనే ఆయన ముందు మళ్లీ చేయండి.